వెనక సీట్లో బరువు

మా గంగ భయపడి చచ్చిపోయిందని పేపర్లో రాశారు. పెదబయలు సంతలో టీ కొట్టు దగ్గర ఎవడో అది పైకి చదువుతున్నాడు. శిక్షణలో ఉన్న గిరిజన యువతి కంగారుపడిందట, గాల్లో చేతులు వదిలేసిందట, గ్లైడరు పోయి నేలకి గుద్దుకుందట. పక్కన కూర్చున్న పెద్దమనిషి టీ ఊదుకుంటూ, కొండ గుంటలకి, ఈ ఆడపిల్లలకి, విమానాలు ఎందుకయ్యా అన్నాడు. నేను ఆ పేపరు లాక్కుని చింపి పొయ్యిలో పడేశాను. కొట్టువాడు నన్ను కొట్టడానికి లేచి, నేనెవరో గుర్తుపట్టి మళ్ళీ కూర్చున్నాడు.

నాకు కోపం ఎక్కువ. కానీ ఆ రోజు కోపం ఆ చదివినవాడి మీద కాదు. గంగ భయపడలేదని నాకు తెలుసు. ఏడేళ్ల వయసులో జీలుగు చెట్టెక్కి కల్లుకుండలోకి తొంగిచూసిన పిల్ల అది. అది ఎలా పోయిందో కూడా నాకు తెలుసు. తెలిసినవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే అనుకుంటూ పంతొమ్మిది రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. సిగ్గులేని వాణ్ని.

నా పేరు వంతల ఫల్గుణ. నాకూ నా భార్య బుద్రికీ ఎకరన్నర కాఫీ, కొంచెం సామ, కొంచెం రాజ్మా ఉన్నాయి. ఉన్న ఒక్క కూతురు గంగ. ఆరేళ్ల కిందట మా ఊరి దిగువ బీడులో గ్లైడింగ్ క్లబ్బు వచ్చింది. విజయనగరం నుంచి ధర్మతేజ సారు వచ్చి పెట్టారు. ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరైన మనిషి. గ్లైడరంటే ఇంజను లేని విమానం. బీడుకి ఆ కొసన వించి అని ఒక మిషను ఉంటుంది, దాని డ్రమ్ముకి పొడుగాటి తీగ. ఆ తీగ తెచ్చి ఈ కొసన గ్లైడరు కడుపు కింద తగిలిస్తే, మిషను తీగని చుట్టుకుంటూ గ్లైడర్ని గాలిపటంలా పైకి లాగుతుంది. పైన తీగ వదిలేసి, గాలి మీద తిరిగి, మళ్ళీ ఇక్కడికే వచ్చి దిగాలి.

నాది రెక్క పట్టే పని. గ్లైడరుకి కింద నడుమ ఒకటే చక్రం, అందుకని నేల మీద ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. తీగ లాగేటప్పుడు ఒకడు రెక్క కొస ఎత్తిపట్టుకుని నాలుగడుగులు పరిగెత్తాలి. అది లేచిపోయాక నేను మోటారు సైకిలు మీద వించి దగ్గరికి వెళ్లి, కింద పడిన తీగని ఈడ్చుకుని రావాలి. ఆరేళ్లలో నా చేతిలో రెక్క ఒక్కసారీ నేలకి రాసుకోలేదు. ఆ గొప్ప నేను ఎక్కడపడితే అక్కడ చెప్పుకునేవాణ్ని.

ధర్మతేజ సారు దేనికీ కోప్పడరు, ఒక్క వదులు వస్తువులకి తప్ప. గ్లైడరులో ముందొక సీటు, వెనకొక సీటు. రెండింటి ముందూ నడిపే కర్రలు ఉంటాయి, వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకి తోస్తే దిగుతుంది. రెండు కర్రలూ లోపల ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ముందు కర్ర కదిపితే వెనకది కదులుతుంది, వెనకది ఎక్కడైనా ఇరుక్కుంటే ముందుది కూడా రాదు. ముందు కూర్చున్నవాడి చెయ్యి వెనక్కి అందదు. ఒక నీళ్ల సీసా దొర్లి కర్ర సందులో దూరితే చాలు, మనిషి పోతాడని ఆయన మొదటి రోజే మాకు చేసి చూపించారు.

ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. ఎగరడానికి వచ్చిన టూరిస్టుల జేబులు తడిమేది నేనే. ఫోన్లు, తాళాలు, దువ్వెనలు, అన్నీ బయట పెట్టించేవాణ్ని. వైజాగ్ నుంచి వచ్చిన ఒకాయన నల్లకళ్లజోడు ఇవ్వనని మొండికేస్తే, అయితే నడిచి కొండెక్కి చూసుకో అన్నాను. ఆయన సారుకి ఫిర్యాదు చేశాడు. సారు నవ్వి ఊరుకున్నారు. అంత గట్టివాణ్ని నేను.

గంగ ఆదివారాలు నాతో వచ్చి గ్లైడరు కడిగేది. పాడేరులో డిగ్రీ చదువుతోంది అప్పుడు. కడుగుతూ కడుగుతూ ఇదెందుకు, అదెందుకు అని సారుని వేధించేది. ఆయన ఒకరోజు విసుగొచ్చి ఎక్కి కూర్చోమన్నారు. అంతే. రెండేళ్లలో ఆయన వెనక సీట్లో కూర్చుని చేతులు కట్టుకుని ఉంటే, అదే ఎక్కించి, తిప్పి, దింపేది. సారంటే దానికి సార్, నేనంటే అయ్య. ఎంత చదివినా నన్ను అయ్యా అనడం మానలేదు. బుద్రి మాత్రం ఒక్కసారీ చూడ్డానికి రాలేదు. నువ్వక్కడ ఉన్నావు కదా, నాకేం భయం అనేది.

నవంబరులో, వలిసెలు పూసిన రోజుల్లో, ఒక పొద్దుట సారు దాన్ని రెండుసార్లు తిప్పి తెచ్చి, వెనక సీట్లోంచి దిగారు. ఇంక ఒక్కదానివే వెళ్లు అన్నారు. గంగ నా వైపు చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. అది నలభై మూడు కిలోలే కాబట్టి సారు ముందు సీటు కింద రెండు సీసం పలకలు పెట్టి బోల్టులు బిగించారు. వెనక ఖాళీ సీటు మీద బెల్టులు అడ్డంగా కట్టి, లాగి చూసి, అద్దం మూత వేశారు. వేసి, రేడియో ఉన్న బల్ల దగ్గరికి వెళ్లారు. ఆయన చెయ్యవలసింది మొత్తం చేశారు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆ పూట నన్ను గంగ దగ్గరే ఉండమని, క్లబ్బులో నాతో పనిచేసే పోలయ్య తీగ తేవడానికి వెళ్లాడు, పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను రెక్క పక్కన నిలబడి ఆ గ్లైడర్ని చూస్తూ ఉన్నాను. ముందు నా కూతురు, దాని కింద సీసం. వెనక ఖాళీ. అంతకుముందు మగవాళ్లు ముగ్గురు నలుగురు ఒంటరిగా ఎగిరారు, నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. వాళ్లు నా కూతుళ్లు కారు.

మేం చిన్నప్పటినుంచీ కావడి మోసిన వాళ్లం. పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, ఏదైనా కావడి మీదే సంతకి దిగాలి. ఒక బుట్టలోనే సరుకుంటే రెండో బుట్ట ఖాళీగా వదలం. ఖాళీ బుట్టతో గట్టు దిగితే బద్ద భుజం మీద తిరిగిపోతుంది, మనిషి లోయలో ఉంటాడు. అందుకని రెండో బుట్టలో రాయి పెడతాం. మా తాత పెట్టాడు, మా అయ్య పెట్టాడు, నేను ముప్పై ఏళ్లు పెట్టాను. ఎవడూ ఆలోచించి చేసే పని కాదు అది.

టార్పాలిను ఎగిరిపోకుండా పెట్టే గెడ్డ రాయి, వాగులో దొరికేది, ఒకటి అక్కడ ఉంది, గుండ్రంగా, నున్నగా, ఎనిమిది కిలోలుంటుంది. సీటు గీసుకుపోకుండా దాన్ని నా తువ్వాలులో చుట్టాను. వెనక మూత తీసి, సారు కట్టిన బెల్టులు విప్పి, రాయిని సీట్లో పెట్టి, మళ్ళీ బెల్టులు బిగించాను. ఇంత చేస్తూ ఇది వదులు వస్తువని నా బుర్రకి తట్టలేదు. వదులు వస్తువంటే బయటివాళ్లు మర్చిపోయేది. నేను కట్టిన బరువు వదులెలా అవుతుంది?

చప్పుడు విని గంగ ముందునుంచి అడిగింది.

"ఏటయ్యా, ఎనక ఏటి సేత్తన్నావు?"

"ఏటీ నేదు. బెల్టులు సూత్తన్నాను."

"సారు సూసీసారు గదా."

"నాను మల్లీ సూత్తే తప్పేటి?"

"సర్లే, సూడు," అని నవ్వింది.

రాయి పెట్టానని చెబితే తీయించేస్తుందని నాకు తెలుసు. చదువుకున్న పిల్ల, నాకు పాఠం చెబుతుంది, సారుని పిలుస్తుంది. అందుకే అబద్ధం ఆడాను. పిల్లలకి తెలియకుండా పెద్దవాళ్లు చేసే మంచి పనుల్లో ఇదొకటి అనుకున్నాను. నా మొహం.

తీగ వచ్చింది. రేడియోలో సారు ఒక్కొక్కటీ అడుగుతున్నారు, గంగ జవాబు చెబుతోంది. వెనక సీటు అని ఆయన అడిగినప్పుడు, "మా అయ్య మళ్ళీ చూశాడు సార్, ఓకే" అంది. నేను విన్నాను. విని రెక్క ఎత్తాను. తీగ బిగిసింది, గ్లైడరు కదిలింది, నేను పరిగెత్తాను. నా చేతిలోంచి రెక్క తనంతట తనే లేచిపోయింది. నా యాభై రెండేళ్లలో అంత సంతోషం నేను ఎరగను, అబద్ధం ఎందుకు.

మోటారు సైకిలు మీద వించి వైపు పోతూ తల ఎత్తి చూశాను. పైకంటా వెళ్లింది, ముక్కు దించింది, తీగ వదిలింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత దించిన ముక్కు మళ్ళీ లేవలేదు. గ్లైడరు పొడుగ్గా మలుపు తిరుగుతూ, ఎప్పుడూ లేనంత జోరుగా, ఈలవేసినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది. నా కూతురు సరదా చేస్తోందనుకున్నాను. వించి దగ్గరవాడికి చూడు చూడు అని చూపించాను కూడా. అది బీడు దాటి, రోడ్డు దాటి, యర్రయ్య రాజ్మా చేలోకి పోయి నేలకి తగిలింది.

అందరికంటే ముందు వెళ్లింది నేనే. గంగ సంగతి నేను చెప్పను, నన్ను అడగొద్దు. వెనక అద్దం పగిలిపోయింది. బెల్టులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, రాయి మాత్రం వాటి కిందనుంచి జారి, కర్రకీ సీటుకీ మధ్య ఇరుక్కుని ఉంది. తువ్వాలు సగం ఊడి వేలాడుతోంది. నేను ఆ రాయి లాగి అవతల పడేశాను. దాచెయ్యాలనే తీశానా? ఒట్టు వేసి చెబుతున్నాను, తెలియదు. కర్ర కదిలితే నా కూతురు లేస్తుందనుకున్నానేమో. తువ్వాలు తీసి గంగ మీద కప్పాను. చేనినిండా రాళ్లే. తర్వాత వచ్చినవాళ్లకి అందులో ఆ రాయి ఏదో ఎలా తెలుస్తుంది?

గంగని మట్టిలో పెట్టిన రోజు ధర్మతేజ సారు వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. నాకు ఏం పుట్టిందో, ఊరందరి ముందూ ఆయన మీదికి పోయాను. నువ్వే చంపావు మా గుంటని, ఆకాశం చూపించి చంపావు అన్నాను. చొక్కా పట్టుకున్నాను. ఆయన చేతులు దించుకుని నిలబడ్డారు. బుద్రి వచ్చి నా చెయ్యి విడిపించింది. తెలిసి తెలిసి ఆ మాట అన్నాను నేను. ఇంకెవడైనా అంటే క్షమించవచ్చు.

తర్వాత ఆయన లైసెన్సు పైవాళ్లు ఆపేశారని పోలయ్య చెప్పాడు. ఆయన మాత్రం రెండు రోజులకొకసారి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. బుద్రి కాఫీ ఇచ్చేది. నేను తోటలోకి పోయేవాణ్ని. ఏ పనీ లేకపోయినా పోయేవాణ్ని. ఇలా రోజులు గడిచాక ఆ టీ కొట్టు దగ్గర ఆ పేపరు విన్నాను. నా తప్పు నా కడుపులో ఉంటే అది వేరు. నా కూతురు పిరికిదని ముక్కూ మొహం తెలియనివాడు చదువుతుంటే, ఇంకొకడు టీ తాగుతూ వింటుంటే, ఆ కోపానికి నా నోరు తెరుచుకుంది. మంచితనంతో తెరుచుకోలేదు.

మర్నాడు క్లబ్బు షెడ్డులో ఎంక్వయిరీ. పైనుంచి జయశ్రీగారని ఒక ఆఫీసరు వచ్చారు. సారు కూడా ఉన్నారు. నన్ను రెక్క ఎలా పట్టుకున్నావని అడిగారు. రెక్క బాగానే పట్టుకున్నాను, రాయి నేను పెట్టాను అన్నాను. ఏ రాయి అన్నారు ఆవిడ. మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కావడి సంగతి ఆవిడకి అర్థం కాకపోతే పోలయ్య వాళ్ల కావడి తెచ్చి భుజాన వేసుకుని చూపించాను. యర్రయ్య చేలోకి తీసుకెళ్లి రాయి పడేసిన చోటు చూపించాను. రాయి మీద గ్లైడరు తెల్ల రంగు అంటి ఉంది. ఆవిడ వంగి చాలాసేపు చూసి, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు. నోరు రాలేదమ్మా అన్నాను.

షెడ్డుకి తిరిగి వచ్చి ఆవిడ రాసుకున్నారు. గంగ తప్పు ఉందని రాస్తారా అని అడిగాను. లేదు, కర్ర ఇరుక్కున్నాక ఆ అమ్మాయి చెయ్యగలిగినవన్నీ చేసింది, అదే రాస్తాను అన్నారు. నాకు చదివి వినిపించమన్నాను. విద్యార్థిని అని చదివారు. పేరు రాయమ్మా, దానికి పేరుంది అన్నాను. ఆవిడ కొట్టేసి వంతల గంగ అని రాశారు. అది చూశాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

బయటికి వచ్చాక సారు నా పక్కన కూర్చున్నారు. ఆయన కాళ్లు పట్టుకోబోతే చేతులు పట్టుకుని ఆపారు.

"ఫల్గుణా, గంగకి తెలుసు," అన్నారు.

ఏం తెలుసు అన్నాను. ఆయన మెల్లగా చెప్పారు. తీగ వదిలిన వెంటనే గంగ రేడియోలో, కర్ర వెనక్కి రావట్లేదు సార్ అందట. ముందుకి తోసి గట్టిగా ఊపమని ఈయన చెప్పారట. రెండుసార్లు ఊపింది, రాలేదు. ముక్కు లేపడానికి పక్కనుండే ట్రిమ్ము అనే చిన్న మీట లాగమన్నారు, లాగింది, చాలలేదు. వెనక ఏమైనా ఉందేమో తల తిప్పి చూడమన్నారు. చూసింది. వెనక మా అయ్య తువ్వాలు ఉంది సార్ అని చెప్పిందట.

"తర్వాత ఒకే మాట అంది. మా అయ్యకి మాత్రం చెప్పకండి సార్, అంది. చెప్పనమ్మా అన్నాను. నా మాట విందో లేదో తెలియదు."

ఆ రోజు మట్టి దగ్గర అంతమందిలో చొక్కా పట్టుకున్నానే, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు సారూ అని అడిగాను.

"మాటిచ్చాను కదా," అన్నారు ఆయన. ఇప్పుడు నువ్వే చెప్పేశావు కాబట్టి దాచి లాభం లేదనీ, దాన్ని పిరికిది అనుకోవద్దనీ అన్నారు. నేననుకున్నానా సారూ, అని ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు.

ఆఫీసరు రాసిన ఆ కాగితం సంగతి ఎలాగూ ఊరికి తెలిసిపోతుంది. బుద్రికి ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని బేగి ఇంటికి వెళ్లాను. వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోసి చేత్తో తిరగేస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. రాయి చెప్పాను, అబద్ధం చెప్పాను, సారు చొక్కా పట్టుకున్నది చెప్పాను. గంగ చివరి మాట కూడా చెప్పాను. ఆ మాట దగ్గర దాని చెయ్యి ఆగింది.

"అది సెప్పొద్దన్నాదా?"

అవునన్నాను.

"నీకు సెప్పొద్దన్నాదంటే, నిన్నెవులూ ఏటీ అనకూడదనే గదా."

బుద్రి మళ్ళీ పళ్లు తిరగేసింది. నీడలో ఉన్నవి ఎండలోకి లాగింది.

అది జరిగి నాలుగు నెలలు. బుద్రి నాకు అన్నం పెడుతుంది, తోటకి నాతో వస్తుంది, సారు వస్తే కాఫీ ఇస్తుంది. గంగ పుస్తకాలు ఎండకి పెడుతుంది. ఆ సంగతి మాత్రం ఒక్క మాట ఎత్తదు. ఎవరైనా ఎత్తితే లేచిపోతుంది. నన్ను చీపురు తిరగేసి కొట్టినా బాగుండును. మొన్న ఉండబట్టలేక కాళ్ల మీద పడ్డాను. తిట్టవే, ఒక్కసారి తిట్టు, నీ కూతుర్ని నేనే చంపాను, ఆ మాట నీ నోటితో అను అన్నాను. నా తల పట్టుకుని లేపింది. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"గుంట ఒద్దన్నాది, నాను అనను," అని చెప్పి బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది.